మామిడి తోటలో దుంగల ఇల్లు: పూత పొట్టులా లేస్తుంటే పైన ఇంకో కోటు వేయించవచ్చా?

ప్రశ్న క్లుప్తంగా ఇది. చిత్తూరు, పలమనేరు మధ్య మామిడి తోటలో మూడేళ్ల కిందట పైన్ దుంగలతో కట్టించిన రెండు గదుల ఇల్లు. పడమటి గోడ మీద పూత పొట్టులా రాలుతోంది. కింది రెండు వరసలు నల్లబడ్డాయి. దుంగల కొసలు బూడిద రంగుకు తిరిగాయి. పాలిష్ మేస్త్రి చూసి, "పైన ఇంకో కోటు వార్నీష్ ఏసేస్తే కొత్తదైపోతుంది సామీ" అన్నాడట. వేయించాలా, వద్దా?

వేయించకండి. లేస్తున్న పొర మీద ఎంత ఖరీదైన డబ్బా తెచ్చి పూసినా, అది పట్టుకునేది చెక్కను కాదు, ఊడిపోతున్న ఆ పాత పొరనే. పాతది రాలేటప్పుడు కొత్తదాన్ని కూడా వెంట తీసుకుపోతుంది. ఒక వానకాలం, ఒక ఎండాకాలం, అంతే దాని ఆయుష్షు. ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది: పూత అరిగిపోయిందా, ఊడిపోతోందా, లేక లోపల చెక్కే చెడిందా? ఒకే ఇంట్లో ఒక్కో గోడది ఒక్కో కథ. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే మీ ఇంట్లో మూడూ ఉన్నట్టున్నాయి.

నేను తిరుపతిలో 24 ఏళ్లుగా చెక్క పాలిష్ పనులు చేయిస్తున్నాను. మొదట్లో అన్నీ టేకు తలుపులు, కిటికీలు, పూజ మందిరాలే. దుంగల ఇళ్లు మన వైపు వచ్చింది ఈమధ్యే. రిసార్టులవాళ్లు, తోటలో సెలవుల ఇల్లు కావాలనుకునేవాళ్లు కట్టించుకుంటున్నారు. ఇప్పటిదాకా 11 ఇళ్లకు మరమ్మతు చేశాను. అందులో రెండింటిని నేనే చెడగొట్టి, మళ్లీ సొంత డబ్బుతో సరిచేశాను. ఆ సంగతి కింద చెబుతాను.

ముందు నీళ్లు చల్లి చూడండి. పొద్దున్నే ఎండ పడకముందు ఒక గ్లాసు నీళ్లు తీసుకుని ఒక్కో గోడ మీద నాలుగైదు చోట్ల చేత్తో చిలకరించండి. నీళ్లు తామరాకు మీద బొట్టులా నిలిచి జారిపోతే పూత బతికే ఉంది. చెక్క నీళ్లు పీల్చుకుని రెండు మూడు నిమిషాల్లో ముదురు రంగుకు తిరిగితే పూత పని అయిపోయినట్టే, చూడటానికి రంగు బాగానే కనిపించినా సరే. తూర్పు గోడ మీద ఒకలాగా, పడమర మీద ఒకలాగా ఉంటుంది. దుంగ పైభాగంలో, అంటే ఆకాశం వైపు తిరిగిన వంపు మీద ఒకలాగా, కింది వంపులో ఇంకోలాగా ఉంటుంది. సుద్దముక్కతో గుర్తులు పెట్టుకోండి.

తర్వాత ప్లాస్టర్ టేపు పరీక్ష. దెబ్బ తగిలితే చేతికి అంటించుకునే టేపు ముక్కను పూత మీద గట్టిగా అదిమి, ఒక్క ఊపున లాగండి. టేపుకు పొలుసులు అంటుకొస్తే ఆ భాగంలో పూత పట్టు వదిలేసింది. ఆ పొలుసు వెనక్కి తిప్పి చూడటం మర్చిపోవద్దు. అక్కడ సన్నని బూడిద రంగు నార అంటుకుని ఉంటే, మీ ఇల్లు కట్టినప్పుడే ఎండకు మాడిన చెక్క మీద పూత వేశారని అర్థం. దుంగలు వచ్చాక రెండు మూడు నెలలు తోటలో ఆరుబయట పడేసి, తర్వాత దుమ్ము తుడిచి వార్నీష్ కొట్టి ఉంటారు. నేను చూసిన ఇళ్లలో సగానికి ఇదే జబ్బు. చెక్క పీచును పట్టి ఉంచే జిగురు లాంటి పదార్థం ఒకటుంది, లిగ్నిన్ అంటారు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు మొదట తినేది దాన్నే. అది పోయాక పైన మిగిలేది వదులైన పీచు. దాని మీద పూసింది దుమ్ము మీద పూసినట్టే.

పొలుసు వెనకాల శుభ్రంగా, నున్నగా ఉంటే కారణం వేరు. రంద యంత్రం మీద గీసిన దుంగ పైభాగం గాజులా నున్నగా వస్తుంది, పూత లోపలికి దిగదు. లేదా చెక్క తడిగా ఉన్నప్పుడు వేసి ఉంటారు. లేదా లోపలి నుంచి తడి తోసుకొస్తోంది.

ఈ చివరిదానికి ఒక ఉదాహరణ చెబుతాను. చంద్రగిరి దగ్గర ఒక చెక్క ఇంటికి వెళ్లాను. నాలుగు గోడలూ బాగున్నాయి, వెనక గోడలో ఒక్క చోట మాత్రం తలుపంత మేర పూత బుడగలు బుడగలుగా లేచింది. ఇంటాయన రెండుసార్లు అక్కడే గీకించి, అక్కడే పూయించాడు. లోపలికి వెళ్లి చూస్తే సరిగ్గా ఆ గోడకు అవతల బాత్‌రూము. షవర్ కింద టైల్సు సందుల్లో సిమెంటు పోయింది. గీజర్ వాడినప్పుడల్లా ఆవిరి, నీళ్లు చెక్కలోకి వెళ్లి, ఎండ వేడికి బయటికి తోసుకొచ్చి పూతను లేపేస్తున్నాయి. ప్లంబరు పని అది. నాకు ఆయన ఇచ్చింది పెట్రోలు ఖర్చు మాత్రమే, సరే.

ఇప్పుడు పడమటి గోడ. దుంగల ఇళ్ల గురించి అమెరికావాళ్లు, కెనడావాళ్లు తీసిన వీడియోలు మీరు చూసే ఉంటారు. దక్షిణపు గోడే మొదట పాడవుతుందని వాళ్లు పదే పదే అంటారు. వాళ్ల ఊళ్లకు అది నిజం, అక్కడ సూర్యుడు ఏడాదంతా దక్షిణం వైపే వాలి ఉంటాడు. మనం పదమూడున్నర డిగ్రీల దగ్గర ఉన్నాం. ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు మధ్య దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు మన నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు. కాబట్టి మన దగ్గర మొదటి దెబ్బ పడమటి గోడకే, సాయంత్రపు ఎండ నేరుగా తగిలేది దానికి. చలికాలంలో దక్షిణానికి, మే, జూన్ నెలల్లో కాస్త ఉత్తరానికి కూడా తగులుతుంది. "ఉత్తరపు గోడకు ఏమీ కాదులే" అని వదిలేయకండి. అక్కడ ఎండ తక్కువ ఉన్నా, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానల తడి తొందరగా ఆరదు, బూజు పట్టేది అక్కడే.

నలుపులో నాలుగు రకాలు ఉన్నాయి, నాలుగింటికీ మందు వేరు. కింది వరసలు నల్లబడ్డాయన్నారు కదా. ముందు సబ్బు నీళ్లతో, మెత్తటి బ్రష్‌తో ఒక జానెడు మేర రుద్దండి. పోయిందా, అది చాలావరకు మామిడి చెట్టు పుణ్యమే. మామిడి పూలు పూసే సమయంలో తేనెమంచు పురుగు కార్చే జిగురు ఆకుల మీదే కాదు, చెట్టు కింద ఉన్న కారు మీద, గోడ మీద, కుర్చీల మీద కూడా పడుతుంది. ఆ జిగురు మీద మసిలాంటి బూజు పెరుగుతుంది. రైతులకు ఆకుల మీద అలవాటైనదే, గోడ మీద చూసేసరికి చెక్క కుళ్లిపోయిందని టెన్షన్ పడతారు. గోడకు ఆనుకున్న కొమ్మలు కొట్టించండి, చాలు.

సబ్బుకు పోకపోతే, బట్టలకు వాడే బ్లీచ్ ఒక చుక్క ఆ నలుపు మీద వేయండి. ఒకటి రెండు నిమిషాల్లో తెల్లబడితే అది బూజు. తెల్లబడకపోతే, అందులోనూ మేకుల చుట్టూ, బోల్టుల కింద కన్నీటి చారల్లా కారి ఉంటే, అది ఇనుప మరక. చెక్కలో ఉండే వగరు పదార్థానికి, ఇనుముకు తడి తోడైతే సిరాలాంటి నలుపు పుడుతుంది. దీనికి ఆక్జాలిక్ యాసిడ్ నీళ్లు కావాలి. పూసి, పదిహేను ఇరవై నిమిషాలు ఉంచి, బాగా కడగాలి. చేతికి గ్లోవ్స్, కంటికి అద్దాలు తప్పనిసరి. అది విషం, పిల్లలకు అందకూడదు. బ్లీచ్ వేసిన చోట యాసిడ్ పోయకండి, రెండూ ఒకే బకెట్‌లో కలపనే కలపకండి. క్లోరిన్ వాయువు వస్తుంది, ఊపిరితిత్తులు పాడవుతాయి. మేకులు మార్చకుండా మరక తీస్తే మళ్లీ వస్తుంది. జింకు పూతవో, తుప్పు పట్టని స్టెయిన్‌లెస్ స్టీలువో వేయించండి.

నాలుగో రకం నలుపు మెత్తనిది. గోనె సంచులు కుట్టే దబ్బనం తీసుకుని గుచ్చండి. గట్టి చెక్కలో మొన దిగి ఆగిపోతుంది. కుళ్లిన చెక్కలో వెన్నలో దిగినట్టు పోతుంది. స్క్రూడ్రైవర్ పిడితో తట్టి చూడండి. గట్టి దుంగ కంగుమంటుంది, చెడింది డొల్లగా, మొద్దుగా మోగుతుంది. కింది రెండు వరసల్లో ఈ పని అడుగుకు ఒక చోట చేయాలి, బద్ధకించకండి. చూరు నీళ్లు నేల మీద పడి చిమ్మేది సరిగ్గా ఆ రెండు వరసల మీదికే. మీ చూరు గోడ దాటి ఎంత ముందుకు వచ్చిందో మీరు రాయలేదు. అడుగున్నర కూడా లేకపోతే చూరుకు గట్టర్ పెట్టించండి, చూరు నీళ్లు పడే చోట గులకరాళ్లు పోయించండి. గోడ వెంబడి గులాబీలకు స్ప్రింక్లర్ పెట్టి ఉంటే దాన్ని ఇవాళే ఆపేయండి. మన బోరు నీళ్ల ఉప్పు తెల్లగా పేరుకుని పూతను తినేయడం రెండు రిసార్టుల్లో చూశాను.

దుంగల కొసల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అందరూ నిర్లక్ష్యం చేసేది దాన్నే. చెట్టు బతికున్నప్పుడు నీళ్లు పైకి తీసుకెళ్లే సన్నని గొట్టాలు దుంగ పొడవునా ఉంటాయి. అడ్డంగా కోసిన కొస అంటే ఆ గొట్టాల నోళ్లన్నీ తెరిచి ఉన్న చోటు. పక్క భాగం కన్నా అది ఎన్నో రెట్లు ఎక్కువ నీళ్లు పీలుస్తుంది. మూలల్లో బయటికి పొడుచుకొచ్చిన కొసలు ముందు బూడిద రంగుకు, తర్వాత నలుపుకు తిరిగి, చివరికి లోపలి నుంచి కుళ్లుతాయి. పక్కల రెండు కోట్లు వేస్తే కొసలకు నాలుగు వేయాలి, పీల్చినంత తాగించాలి. అలాగే దుంగ పై వంపులో నెర్రెలు చూడండి. కింది వంపులో నెర్రె ఉంటే నీళ్లు కారిపోతాయి. పైకి నోరు తెరిచిన నెర్రె దోసిలి పట్టినట్టు వాన నీళ్లు పట్టి ఉంచుతుంది. పావు అంగుళం కన్నా వెడల్పున్న వాటిలో ముందు ఫోమ్ తాడు దూర్చి, పైన సాగే గుణమున్న సీలెంట్ నింపాలి. లప్పం పెట్టవద్దు, అది సాగదు, ఒక్క ఎండాకాలానికే పగిలి పక్కనే ఇంకో సందు చేస్తుంది.

ఇక పాత పూత తీయడం. ఖర్చులోనూ శ్రమలోనూ ముప్పాతిక వంతు ఇదే. మేస్త్రీలు దీన్ని తప్పించుకోవాలనే "ఇంకో కోటు" అంటారు. పూత ఏ జాతిదో తెలియకపోతే గుడ్డను స్పిరిట్‌తో తడిపి ఒక చోట అర నిమిషం రుద్దండి. మెత్తబడి జిగటగా గుడ్డకు అంటితే అది నీళ్లతో కలిపే యాక్రిలిక్ రకమో, లక్క పాలిషో. చలించకపోతే నూనె జాతిదో, పీయూనో (పాలీయురెథేన్ పూత). దాన్ని బట్టి రిమూవర్ తెచ్చుకోవాలి. ఘాటైన క్షారం ఉన్న రిమూవర్ వాడితే కడిగాక చెక్క మీద ఆ గుణం మిగిలిపోతుంది. పల్చని సిట్రిక్ యాసిడ్‌తో విరిచి, మళ్లీ మంచినీళ్లతో కడిగి, లిట్మస్ కాగితం అద్ది చూడండి. అది చేయకపోతే కొత్త పూత కూడా ఊడుతుంది, అప్పుడు డబ్బా చేసిన కంపెనీని తిట్టుకుంటాం.

కారు కడిగే పంపు తెచ్చి పైన్ మీద కొట్టకండి. పలమనేరు దగ్గరే ఒకాయన సొంతంగా కొట్టించుకున్నాడు. గోడ కొబ్బరి పీచులా లేచింది, సందుల్లోంచి నీళ్లు లోపలి మంచం దాకా వచ్చాయి. ఒత్తిడి బాగా తగ్గించి, దూరం నుంచి, పై నుంచి కిందికి కడగడం వరకు ఫర్వాలేదు. అమెరికాలో ఎండబెట్టిన మొక్కజొన్న కండెల రవ్వను గాలి ఒత్తిడితో కొట్టి పాత పూత లేపుతారు. మన దగ్గర కండెలకు కొదవ లేదు కానీ ఆ పని చేసేవాళ్లు నాకు ఇప్పటిదాకా దొరకలేదు. కాబట్టి మనకు రిమూవర్, గీకుడు, ఎమరీ పేపరే దిక్కు.

ఎమరీ 60 నంబరుతో మొదలుపెట్టి 80తో ఆపేయండి, నంబరు పెరిగేకొద్దీ కాగితం సన్నబడుతుంది. నేను చెడగొట్టిన మొదటి ఇల్లు ఇక్కడే. టేకు తలుపుల అలవాటుతో 220 దాకా వెళ్లాను, గోడ చెంపలా నున్నగా వచ్చింది, ఇంటివాళ్లు మురిసిపోయారు. చెక్క రంధ్రాలన్నీ మూసుకుపోయి నూనె పూత లోపలికి దిగలేదు. పైనే జిడ్డులా ఉండిపోయింది, తోట దుమ్మంతా దానికి అంటుకుని నెలకే గోడ ఎర్రమట్టి రంగుకు వచ్చింది. రెండో ఇల్లు ఏప్రిల్‌లో, పడమటి గోడకు మధ్యాహ్నం మూడింటికి పూయించాను. గడువు దగ్గర పడిందని తొందర. కాలుతున్న చెక్క మీద పైపొర ముందు ఎండి, లోపల ద్రావకం ఉడికి, దోసె మీద లేచినట్టు బుడగలు లేచాయి. చెయ్యి ఆనించి పది సెకన్లు ఉంచలేనంత వేడిగా ఉంటే ఆ గోడ జోలికి వెళ్లకూడదని అప్పుడు నేర్చుకున్నాను. ఇప్పుడు నీడ వెంట తిరుగుతాం: పొద్దున పడమటి గోడ, మధ్యాహ్నం తర్వాత తూర్పు గోడ. ఒక దుంగ మొదలుపెడితే ఈ మూల నుంచి ఆ మూల దాకా పూర్తి చేసి గానీ టీకి వెళ్లరు. మధ్యలో ఆపితే అక్కడ అతుకు గీత పడుతుంది, అది చెరగదు.

కడిగాక ఎన్నాళ్లు ఆరాలి? మంచి ఎండలో నాలుగైదు రోజులు అని చెప్పవచ్చు కానీ, తేమ మీటరు ఒకటి కొనుక్కోవడం మేలు. రెండు సూదులుంటాయి, చెక్కలో గుచ్చితే శాతం చూపిస్తుంది. 15 లోపు ఉంటే మొదలుపెడతాను, 18 దాటితే పని ఆపేస్తాను. పురుగు, కుళ్లు భయం ఉన్నచోట బోరేట్ మందు పట్టించాలంటే అదీ ఇప్పుడే, చెక్క ఒట్టిగా ఉన్నప్పుడు. పూత మీద పూస్తే లోపలికి దిగదు. పూసి పైపూత వేయకుండా వదిలేస్తే వానకు కరిగి పోతుంది. అన్నట్టు చూరు కింద గుండ్రటి బెజ్జాలు, కింద రంపపు పొట్టు కనిపిస్తే అది చెదలు కాదు, తుమ్మెద. చెదలైతే మట్టి గూళ్లు కడుతుంది. తుమ్మెద బెజ్జంలో పుల్ల కొట్టి మూసి, పూత వేస్తే చాలావరకు మళ్లీ రాదు.

ఏం పూయాలన్నది అందరూ మొదట అడిగేది, నేను చివర చెప్పేది. ఎండ వాన పడే గోడకు మెరిసే వార్నీష్ వద్దు, చెక్కలోకి ఇంకే నూనె జాతి స్టెయిన్ వేయండి, అదీ రంగున్నది. మెలమైన్ పాలిష్ అసలు ఇంటి లోపలి సామానుకు వేసేది. బయట వేసినవాళ్లను చూశాను, ఏడాది కూడా నిలవలేదు. రంగులేని పారదర్శక పూతల్లో ఎండను అడ్డుకునే రంగు పొడి ఉండదు. వెలుతురు దాని గుండా పోయి కింద చెక్కను తింటుంది, పూత బాగున్నా దాని కింద పట్టు పోతుంది. తేనె రంగు, గోధుమ రంగు ఎంచుకోండి. ఇంకే పూత ముసలిదైతే వెలుస్తుంది, పొట్టులా ఊడదు. అప్పుడు కడిగి, ఆరబెట్టి, పైన ఒక కోటు వేస్తే చాలు, మళ్లీ గీకక్కర్లేదు. మెరుపు ఉండదు, నిజమే. మెరుపు కావాలనుకుంటే వసారా లోపలి గోడకు, నీడలో ఉన్న తలుపుకు బయటి వాడకానికి చేసిన పీయూ వేసుకోండి.

కొందరు "మా తాత అవిసె నూనె రాసేవాడు, ఆ తలుపు ఇంకా ఉంది" అంటారు. ఆ తలుపు పంచ నీడలో ఉంది, పైగా పాత టేకు. ఒట్టి అవిసె నూనె బయటి పైన్ గోడకు రాస్తే బూజుకు మేత వేసినట్టే, ఒక వానకాలానికి నల్లబడుతుంది. కంచె గుంజలకు రాసే పాత ఇంజన్ ఆయిల్‌ను ఇంటి గోడకు రాసినవాళ్లూ ఉన్నారు. ఆ వాసన పోదు, ఇక ఏ పూతా దాని మీద పట్టదు.

నూనె పూత తుడిచిన గుడ్డల విషయంలో జాగ్రత్త. ఉండ చుట్టి మూల పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. మా షెడ్డులో ఒక రాత్రి పొగ వచ్చింది, పక్కనే థిన్నర్ డబ్బాలు. వాచ్‌మన్ మేలుకుని ఉండబట్టి బతికాం. తీగ మీద విడివిడిగా ఆరేయండి, లేదా నీళ్ల డబ్బాలో ముంచి మూత పెట్టండి.

పని ఎప్పుడు పెట్టుకోవాలంటే, జనవరి మధ్య నుంచి మార్చి మధ్య దాకా. ఈశాన్య రుతుపవనాల తడి ఆరి ఉంటుంది, ఎండ ఇంకా ముదరదు. 2021 నవంబరు వానలు గుర్తున్నాయి కదా, తిరుపతి వీధులే ఏరులైన ఆ వారం. అంతకుముందు నెలే పూత పూర్తిచేసిన ఒక ఇంట్లో దుంగలు మళ్లీ ఆరడానికి ఫిబ్రవరి అయింది. మీరు ఈ వానకాలానికి ముందే ఏదో ఒకటి చేయాలనుకుంటే లేచిన పొట్టు గీకించి, కొసలకు, నెర్రెలకు మాత్రం రక్షణ ఇచ్చి, గట్టర్ పెట్టించి ఊరుకోండి. గోడంతా జనవరిలో చూసుకోవచ్చు.

మొత్తం ఇల్లంతా ఒకేసారి తీయించక్కర్లేదు. తూర్పు గోడ మీద నీళ్లు బొట్టుగా నిలుస్తుంటే దాని జోలికి వెళ్లకండి. ఆ ఖర్చు పడమటి గోడకు, కొసలకు, కింది వరసలకు పెట్టండి. తర్వాత పడమటి గోడకు రెండేళ్లకోసారి పైకోటు పడుతుంది, మిగతావి మూడు నాలుగేళ్లు ఆగుతాయి. ఏటా సంక్రాంతి దాటాక గ్లాసుడు నీళ్లు తీసుకుని ఇంటి చుట్టూ ఒకసారి తిరిగితే ఏ గోడ వంతు వచ్చిందో అదే చెబుతుంది.

ఈలోగా ఒక్క పని చేసి రాయండి. కింది వరసలో దబ్బనం ఎంత లోతు దిగిందో కొలవండి. పావు అంగుళం లోపైతే గీకి, మందు పట్టించి, పూత వేయవచ్చు. అర అంగుళం దాటి దిగితే పాలిష్ మేస్త్రిని కాదు, ముందు వడ్రంగి ఆచారిని పిలవాలి. ఆ దుంగ ముఖం కోసి కొత్త చెక్క అతకాల్సి ఉంటుంది.